శాలువా వద్దు, పేరు సరిగా రాయండి

(సాయుధ దళాల పతాక దినోత్సవం సందర్భంగా, రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు ఒక మాజీ హవల్దారు రాస్తున్న బహిరంగ లేఖ)

కలెక్టర్ గారికి నమస్కారం.

మా మాజీ సైనికులకు నవంబరులో ఒక పని, డిసెంబరులో ఒక పని ఉంటాయి. నవంబరులో పెన్షను ఆగకుండా మేము బతికే ఉన్నామని నిరూపించుకోవాలి. డిసెంబరు 7న మీరు మమ్మల్ని సన్మానిస్తారు. ఈ ఏడాది మొదటి పని కాస్త కష్టమైంది. మీసేవ కేంద్రంలో బొటనవేలు మూడుసార్లు పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు. రిటైరైన దగ్గర్నుంచి చేస్తున్నది పొలం పని కాబట్టి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. అక్కడి కుర్రవాడు చూపుడువేలు పెట్టమన్నాడు, అదీ పనికిరాలేదు. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు నా తరఫున సాక్ష్యం చెప్పింది. చొక్కా జేబులో రసీదు పెట్టుకుని బయటికి వస్తుంటే ఫోను మోగింది. "సార్, ఏడో తారీకు తొమ్మిదిన్నరకల్లా కలెక్టరేట్‌కు వచ్చేయండి, మెడల్స్ పెట్టుకుని రండి" అన్నారు సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి.

వస్తాననే చెప్పాను. కానీ నా మనసులో ఉన్నది ఫోనులో చెప్పేది కాదు, వేదిక మీద రెండు నిమిషాల్లో చెప్పేది అంతకన్నా కాదు. అందుకే ఈ ఉత్తరం. మంత్రులకు రాయకుండా మీకే ఎందుకు రాస్తున్నానంటే, జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు మీరు. వరదలు, ధాన్యం కొనుగోళ్లు, ఎన్నికలు, ప్రజావాణి అర్జీల మధ్య ఆ సంగతి మీకు డిసెంబరు మొదటి వారంలోనే గుర్తొస్తే తప్పుపట్టను. ఆ వారంలోనైనా ఇది చదువుతారని ఆశ.

ముందుగా నా సంగతి చెప్పాలి. నేను యుద్ధం చేసినవాణ్ణి కాను. 1984లో సైన్యంలో చేరి 2008లో హవల్దారు క్లర్కుగా బయటికి వచ్చాను. ఈ ఇరవై నాలుగేళ్లూ నా చేతిలో ఉన్నది మొదట టైపురైటరు, తర్వాత కంప్యూటర్. ఏడాదికోసారి ఫైరింగ్ రేంజికి తీసుకెళ్లి రైఫిలు ఇచ్చేవారు, గురి అంతంతమాత్రం. 1999 వేసవిలో కార్గిల్ కొండల మీద కుర్రవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నప్పుడు నేను వందల మైళ్ల దూరంలో, ఫ్యాను కింద, వాళ్ల ఇళ్లకు వెళ్లాల్సిన కాగితాలు టైపు చేస్తున్నాను. ఊరి పేరు, పోస్టాఫీసు, తాలూకా, తండ్రి పేరు. టైపు చేస్తున్నప్పుడు ఆ ఊరు ఎలా ఉంటుందో అనిపించేది. అంతకుమించి నేను చేసిన త్యాగం లేదు.

మరి మూడేళ్ల క్రితం పతాక దినోత్సవంలో మన వ్యాఖ్యాత నన్ను ఏమని పిలిచారో తెలుసా? "కార్గిల్ వీరుడు" అన్నారు. అదీ నా ఇంటిపేరును నా పేరనుకుని, దానికి 'గారు' తగిలించి. సరిదిద్దుదామని మైకు దగ్గరికి వెళ్లేలోపు శాలువా భుజం మీద పడింది, ఫొటో తీశారు, తర్వాతి పేరు పిలిచారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎవరికి చేరాల్సినవో వాళ్ల ఊళ్లు నాకు తెలుసు, చిరునామాలు టైపు చేసింది నేనే. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇప్పటికి నా దగ్గర పదకొండు శాలువాలు పోగయ్యాయి. సర్వీసులో మోసిన నల్ల ట్రంకు పెట్టెలో ఎనిమిది ఉన్నాయి. రెండు నా భార్య పెళ్లిళ్లలో పెట్టేసింది. ఒకటి మొన్న చలికి మా దూడకు కప్పాం. అగౌరవం అనుకోకండి, పదకొండింటిలో నిజంగా ఉపయోగపడింది అదొక్కటే.

ఈ రోజు ఎలా పుట్టిందో ఒకసారి చెప్పుకుందాం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, మొదటి కశ్మీర్ యుద్ధం ముగిసిన ఏడాది 1949. గాయపడినవాళ్లు, భర్తలు పోయినవాళ్లు, సర్వీసు అయిపోయి ఇళ్లకు చేరినవాళ్లు చాలామంది. ఆగస్టు 28న రక్షణ మంత్రి ఆధ్వర్యంలోని కమిటీ ఒక నిర్ణయం చేసింది. ఏటా డిసెంబరు 7న జనానికి చిన్న చిన్న జెండాలు ఇచ్చి, తోచినంత చందా తీసుకోవాలని. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు దళాలకు మూడు రంగులు. ఇందులో సన్మానం మాటే లేదు. ఆ జెండా పెట్టుకోవాల్సింది సైనికుడు కాదు, పౌరుడు. నా చిన్నప్పుడు బడిలో గుండుసూదితో చొక్కాకు గుచ్చేవారు. మా అమ్మ ఉతికేటప్పుడు తీయడం మరిచిపోతే తుప్పు మరక పడేది. ఆ మరక చూసి మా నాన్న "ఈ పైసలు ఎవరికి పోతాయిరా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆ ప్రశ్నకు జవాబు నాకు యాభై ఏళ్ల తర్వాత మా పక్క ఊళ్లో దొరికింది.

అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లు. 1968లో సైన్యంలో డ్రైవరుగా చేరాడు. 1971 యుద్ధంలో తూర్పు వైపు లారీ నడిపాడు. డిసెంబరు 16న ఢాకా లొంగుబాటుతో బందీలైన 93 వేల మంది పాకిస్తానీయుల్లో కొందరు ఆయన లారీ ఎక్కారు. ఆ యుద్ధం గురించి ఆయన చెప్పేది ఒకటే. "వాళ్లలో ఒక కుర్రాడు దారి పొడుగునా చలికి వణుకుతూనే ఉన్నాడు, నా దుప్పటి ఇచ్చాను, స్టోర్సులో దాని లెక్క చెప్పలేక జీతంలో కోయించుకున్నాను." ఇంటి పరిస్థితి బాగోలేక తొమ్మిదేళ్లకే తిరిగి వచ్చేశాడు. జవానుకు పెన్షను రావాలంటే పదిహేనేళ్లు నిండాలి. ఆయనకు రాలేదు. ఊళ్లో అందరూ "మిలిటరీ తాత" అంటారు. మిలిటరీ తాత కాబట్టి పెన్షను వస్తుందనే అనుకుంటారు. ఆయన ఎవరికీ కాదని చెప్పలేదు.

ఇలాంటివారి కోసమే పతాక నిధి నుంచి నెలనెలా ఇచ్చే పేదరిక సాయం ఉంది. పెన్షను లేని, 65 ఏళ్లు దాటిన మాజీ జవాన్లకు, వాళ్ల వితంతువులకు అది ఇస్తారు. నెలకు 4,000 రూపాయలు ఉండేది, 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 8,000 చేశారు. పిల్లల చదువుకు, ఆడపిల్లల పెళ్లికి ఇచ్చే సాయం కూడా అలాగే రెట్టింపయింది. బడిపిల్లల చొక్కాకు గుచ్చిన కాగితపు జెండా డబ్బు చేరాల్సిన చోటు అదే. నాన్న ఉంటే చెప్పేవాణ్ణి.

పెద్దాయనకు ఈ సాయం సంగతి తెలియదు. నేను డిశ్చార్జి బుక్కు తీయమన్నాను. అటక మీద నుంచి దించాడు. రెండు పేజీలు చెదలు తినేశాయి. మిగిలిన మొదటి పేజీలో ఆయన ఇంటిపేరు పేరుగా ఉంది, ఆయన పేరు తండ్రి పేరుగా ఉంది, తండ్రి పేరు ఎక్కడా లేదు. ఆధార్‌లో ఉన్నది మరో మనిషి అన్నట్టుంది. ఆఫీసులో "వీళ్లిద్దరూ ఒకరేనని నిరూపించండి" అన్నారు. వాళ్లను అనడానికీ లేదు, కాగితం చూస్తే ఎవరైనా అదే అంటారు.

కలెక్టర్ గారూ, ఇక్కడే నా వృత్తి గురించి చెప్పుకోవాలి. మన పేర్లు సైన్యం కాగితాల్లో ఇమడవు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అక్కడి ఫారంలో ముందు గడి పేరుది. కాబట్టి బ్యారక్‌లో తెలుగువాడు ఇంటిపేరుతోనే బతుకుతాడు. ఏళ్ల తరబడి కలిసి ఉన్న స్నేహితుడి అసలు పేరు నాకు అతని కూతురి పెళ్లి కార్డు మీద తెలిసింది. ఆడవాళ్ల పేర్లు ఇంకా కష్టం. 'లత' అని ఇంగ్లీషులో రాసేటప్పుడు మనం హెచ్ పెడతాం, ఉత్తరాది క్లర్కు పెట్టడు. ఆ ఒక్క హెచ్ మీద ఆగిపోయిన ఫ్యామిలీ పెన్షన్లు నేను చూశాను.

నేనూ ఆ పాపంలో ఉన్నాను. 1991లో ఒక తెలుగు జవాను పెళ్లి నమోదుకు వచ్చాడు. జవాను పెళ్లయినా, బిడ్డ పుట్టినా పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కాలి, ఎక్కకపోతే సైన్యం లెక్కలో ఆ భార్య లేనట్టే. అతను చెప్పిన పేరు చివర 'అమ్మ' ఉంది. మా సుబేదారు సాబ్ ఉత్తరాదివారు. "అమ్మ అంటే తల్లి కదా, వీణ్ణి భార్య పేరు చెప్పమను" అన్నారు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే 'అమ్మ' తీసేసి 'దేవి' అని కొట్టాను, సంతకానికి పెట్టాను. ఆ జవాను ఏ జిల్లావాడో కూడా ఇప్పుడు గుర్తు లేదు. అతను ముందు పోయి ఉంటే, ఆవిడ ఏ ఆఫీసు వరండాలో కూర్చుని "నేనే ఆ దేవిని" అని ఎవరికి చెప్పుకుంటున్నదో. మా మండలంలో ఒకావిడకు ఇలాంటి తప్పు దిద్దుబాటుకే పద్నాలుగు నెలలు పట్టింది. తహసీల్దారు ఆఫీసు, నోటరీ, గెజిట్, పేపర్లో ప్రకటన, మళ్లీ మొదటికి. ఈ మధ్యలో రెండు పతాక దినోత్సవాలు జరిగాయి, రెండింటికీ ఆవిడను వేదిక మీదికి పిలిచారు.

వేదిక మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. సైన్యంలో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లను 'వీరనారులు' అంటారు. మంచి మాటే. కానీ ఏటా అదే మెట్లెక్కించి, "మీ భర్త అమరులైన రోజు మీకెలా అనిపించింది?" అని మైకు అందించడం ఆపించండి. చిన్న వయసులో విధవరాలైన ఒకామె నాతో అన్నది, "బాబాయి గారూ, అక్కడ ఏడవకపోతే నాకు దుఃఖం లేదనుకుంటారేమోనని భయం" అని.

ఇక పోయినవాళ్ల పేర్లు. ఢిల్లీలో ఇండియా గేటు మీద బ్రిటిష్ వాళ్లు 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. దాని పక్కనే 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం తర్వాత పోయిన పాతిక వేల మందికి పైగా పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. త్యాగచక్రం అంటారు దాన్ని. నేను వెళ్లాను. ఒక ముసలమ్మ తన కొడుకు పేరున్న పలకను వేలితో అక్షరం అక్షరం తడుముతూ నిలబడింది. ఆమెకు ఆ లిపి రాదని చూస్తేనే తెలుస్తున్నది.

మన దగ్గరా కొన్ని ఉన్నాయి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక స్మారకం ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో, 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన యుద్ధానికి గుర్తుగా విక్టరీ ఎట్ సీ ఉంది. తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరం తప్పకుండా సైన్యానికి మనుషులను పంపిన ఊరు, అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊళ్లో స్మారకం ఊరి మధ్య ఉంది, అక్కడి పిల్లలకు ఆ పేర్లు తాతల పేర్లు. 2020 జూన్ 15న గల్వాన్‌లో పోయిన కల్నల్ సంతోష్ బాబు విగ్రహం సూర్యాపేటలో ఉంది. మరి మిగిలిన ఊళ్ల సంగతి? చాలా చోట్ల కూడలిలో కనబడే జవాను విగ్రహం తల్లిదండ్రులు సొంత డబ్బుతో పెట్టించింది. దండ వేసేదీ వాళ్లే. వాళ్లు పోయాక వేసేవాళ్లుండరు.

2021లో పతాక దినోత్సవం ముగిసిన మరునాడే, డిసెంబరు 8న, కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలింది. జనరల్ బిపిన్ రావత్‌తో పాటు అందులో అప్పటి చిత్తూరు జిల్లా ఎగువ రేగడ గ్రామానికి చెందిన లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నారు. సియాచిన్ హిమపాతంలో 2016 ఫిబ్రవరిలో పోయినవారిలో అప్పటి కర్నూలు జిల్లా ముస్తాక్ అహ్మద్ ఉన్నారు. 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర పోయిన మురళీ నాయక్ శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ. ఈ పేర్లు మీకూ తెలుసు, పేపర్లలో వచ్చాయి. నా బాధ పేపర్లో రానివాళ్ల గురించి.

మా కాగితాల్లో మరణానికి రెండు ముద్రలుంటాయి. ఒకటి బ్యాటిల్ క్యాజువాల్టీ, రెండోది ఫిజికల్ క్యాజువాల్టీ. శత్రువు గుండుకు పోతే మొదటిది. డ్యూటీలో లారీ లోయలో పడినా, ఎత్తు కొండల మీద నిద్రలో ఊపిరి ఆగినా చాలాసార్లు రెండోదే. మొదటిదానికి భార్యకు చివరి జీతమంతా పెన్షనుగా వస్తుంది. రెండోది డ్యూటీ వల్లే అని తేలితే 60 శాతం, తేలకపోతే మొదటి పదేళ్లు 50, ఆ తర్వాత 30. ఈ తేడాకు కారణాలున్నాయి, కాదనను, అది ఢిల్లీ తేల్చాల్సిన విషయం. కానీ స్మరణ కూడా అదే ముద్ర చూసుకుని నడవాలా? మా మండలంలో ఒక కుర్రవాడు సెలవు మీద ఇంటికొస్తూ దారిలో ప్రమాదంలో పోయాడు. శవపేటిక మీద జెండా కప్పి తెచ్చారు. ఊరంతా కదిలింది. డిసెంబరు 7 జాబితాలో మాత్రం అతని పేరు ఎప్పుడూ లేదు. అతని తండ్రి ఏటా కలెక్టరేట్ బయట చెట్టు కింద దాకా వచ్చి, లోపలి నుంచి మైకులో పేర్లు విని వెళ్లిపోతాడు.

మిమ్మల్ని నేను అడిగేది ఇదీ. ఈ డిసెంబరు 7న కలెక్టరేట్ హాలు వదిలిపెట్టి మండలాలకు రండి. వేదిక, షామియానా, జ్ఞాపిక, లడ్డూ పొట్లం ఏమీ వద్దు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, సైనిక పెన్షన్ల స్పర్శ్ పోర్టల్ తెలిసిన ఒక మనిషి, తహసీల్దారు, నోటరీ ఒకే చోట కూర్చుంటే చాలు. పద్నాలుగు నెలల పనిలో సగం ఆ బల్ల దగ్గర తేలిపోతుంది. మిగతాది ప్రయాగ్‌రాజ్‌లోని సైనిక పెన్షన్ల ఆఫీసుకు వెళ్లాలి, అది వెళ్లేటప్పుడు మీ సంతకంతో వెళ్తే దారిలో ఆగదు. పెన్షను లేని ముసలివాళ్లను వెతికి పట్టుకోండి. వాళ్లు అర్జీ పెట్టరు, మా పెద్దాయనలాగే పెన్షను వస్తున్నట్టే ఉంటారు. 1971లో పద్దెనిమిదేళ్లవాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్లను వచ్చే ఏడు చూద్దామని వాయిదా వేయడానికి లేదు.

ఆ రోజు ఒక్కటి మాత్రం మైకులో చేయండి. ఆ మండలం నుంచి సైన్యానికి వెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లు చదివించండి, ఏ ముద్ర పడినా సరే. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మన పద్ధతిలో. చదివే ముందు ఇంటివాళ్లకు చూపించి సరిచూసుకోండి. తర్వాత అవే పేర్లు తెలుగులో పంచాయతీ గోడ మీద రాయించండి. గ్రానైట్ అక్కర్లేదు, ఏటా ఒకసారి పెయింటు వేస్తే చాలు.

అగ్నివీరుల సంగతి కూడా ఒక మాట. 2022లో ఆ పథకం వచ్చింది, నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత పాతిక శాతం మందిని మించి ఉంచుకోరు. మిగిలినవాళ్లు మీ జిల్లాలకే తిరిగి వస్తారు, పెన్షను లేకుండా, మా మిలిటరీ తాతలాగా. వాళ్ల పేర్లు కాగితాల్లో సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోమని చెప్పండి. యాభై ఏళ్ల తర్వాత అటక మీద వెతికే పని తప్పుతుంది.

మా మండలం వరకు నేను పని మొదలుపెట్టాను. పొడుగు రిజిస్టరు ఒకటి కొన్నాను, గీతలు గీశాను, చేతిరాత ఇంకా బాగానే ఉంది. ఇప్పటికి బతికున్నవాళ్లవి, పోయినవాళ్లవి కలిపి అరవై నాలుగు పేర్లు వచ్చాయి. ఆ తండ్రి చెట్టు కిందికి ఏ కుర్రవాడి కోసం వచ్చేవాడో, ఆ కుర్రవాడి పేరు ఏడోది. పెద్దాయనది ముప్పై ఒకటోది, ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, మూడూ వాటి వాటి గడుల్లో ఉన్నాయి. జిరాక్సు కాపీ మా జిల్లా కలెక్టర్ గారికి విడిగా పంపుతున్నాను.

పంతొమ్మిదో పేరు ఎదురుగా భార్య పేరు గడి మాత్రం ఖాళీగా ఉంది. మొన్న వెళ్లి అడిగితే, "రికార్డులో ఉన్నది చెప్పనా, మా అమ్మ పెట్టింది చెప్పనా?" అని ఆవిడ నవ్వింది. రెండూ చెప్పమన్నాను. ఆ పాత కాగితం పెట్టెలో ఎక్కడో ఉందట, వెతికి పెడతానంది. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు క్లర్కు